శిశుపోషణము: అన్నము నొల్లని పసిబిడ్డ

గతమాసమున ఈ శీర్షికకు వచ్చిన జాబులలో నాలుగింటి సారాంశ మొక్కటే. బిడ్డకు తొమ్మిదవ నెలయో పదవ నెలయో నడుచుచున్నది. పెరుగన్నము తప్ప మఱేమి పెట్టినను ఉమ్మివేయును. చెంచా కంటబడగానే మొగము త్రిప్పుకొనును. అత్తగారు దిష్టి తగిలినదని ఉప్పు దిగదుడుచుచున్నారు. ఆడబిడ్డ "వదినకు పెట్టుట చేతకాదు" అనుచున్నది. తల్లి గిన్నె చేతబట్టుకొని కన్నీరు పెట్టుకొనుచున్నది. వారిలో ఒక సోదరి "నేను తల్లి ననిపించుకొనుటకు తగుదునా?" యని కూడ వ్రాసినది. ఆ వాక్యమును చదివిన పిమ్మట ఈ నెలకు అనుకొన్న విషయమును ప్రక్కన బెట్టి దీనినే వ్రాయ నిశ్చయించితిని.

సోదరీమణులారా! బిడ్డ మొగము ముడుచుట వేరు, వలదనుట వేరు. తల్లిపాలు తియ్యనివి. మానవశిశువు పుట్టుకతోనే తీపి నిష్టపడును, చేదు నుమ్మివేయును. ఆఱు నెలలపాటు ఒక్క ద్రవమును మాత్రమే యెఱిగిన నోటిలో గుమ్మడికాయ గుజ్జు పడినప్పుడు అది కనుబొమలు ముడిచి, పెదవులు విఱిచి చూచుటలో వింత యేమున్నది? పైగా చిన్ననెలలలో నోట బడినదానిని నాలుకతో వెలుపలికి నెట్టివేయుట శిశువునకు సహజమైన రక్షణ. అది నాలుగవ నెల మొదలు క్రమముగా తగ్గును గాని, చెంచాతో వచ్చిన ముద్దను లోనికి దీసికొనుట బిడ్డ క్రొత్తగా నేర్వవలసిన విద్య. దీనిని "రుచించలేదు" అని అర్థము చెప్పుకొనుటచేతనే మనము తొందరపడి ఆ కూరనే మానివేయుచున్నాము.

ఎన్నిమారులు పెట్టి మానుచున్నామో గమనించితిరా? ఎక్కువమంది తల్లులు మూడు నుండి ఐదు మారులలోనే "మా వాడికి ఇది పడదు" అని తీర్మానించెదరు. 2007లో ప్రకటితమైన ఒక పరిశోధనను ఇచట చెప్పవలెను. ఏడు నెలల శిశువులు గల 49 మంది తల్లులను, తమ బిడ్డ యొల్లనిదియు తాము ఇక పెట్టనక్కఱలేదని తలచినదియు నగు ఒక కూరగాయను ఎన్నుకొనుమనిరి. దినము విడిచి దినము దాని గుజ్జును, నడుమదినములలో బిడ్డ కిష్టమైన కారటు గుజ్జును పెట్టించిరి. మొదటి దినమున ఆ యొల్లని కూరను బిడ్డలు సగటున 39 గ్రాములు మాత్రమే తినిరి. ఎనిమిదవమారునకు 174 గ్రాములు తినిరి! ఇష్టమైన కారటుతో దాదాపు సమానము. తొమ్మిది నెలలు గడచిన పిదప విచారింపగా నూటికి 63 మంది ఆ కూరను ఇంకను ఇష్టముగా తినుచునే యుండిరి. ఇందు మందు లేదు, మాయ లేదు, బెదరింపు లేదు. ఎనిమిదిమారులు పెట్టుట యొక్కటే కలదు.

మావారు బడిపంతులు. "అ" అను అక్షరమును ఒకనాడు పలకమీద దిద్దించి, మఱునాడు పిల్లవానికి రాలేదని "వీనికి చదువు పడదు" అను పంతులును ఏమనవలెనని వారడుగుదురు. నాలుకకును ఓనమాలు కలవని నా అభిప్రాయము.

పెరుగన్నము తినుచున్నాడు గదా, దానితో కాలము గడుపరాదా యని కొందఱందురు. గడుపరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు ఆఱు మొదలు ఇరువదిమూడు నెలల శిశువుల ఆహారమును ఎనిమిది తెగలుగా విభజించి, దినమునకు ఐదు తెగలైనను బిడ్డకు అందవలె నన్నారు. తల్లిపాలు ఒకటి, ధాన్యములును దుంపలును ఒకటి, పప్పులు, గింజలు ఒకటి, పాలు, పెరుగు ఒకటి, మాంసము, చేప ఒకటి, గ్రుడ్డు ఒకటి, గుమ్మడి, కారటు, బొప్పాయి, ఆకుకూరల వంటివి ఒకటి, తక్కిన పండ్లు, కూరలు ఒకటి. చన్నుగుడుచుచు పెరుగన్నము మాత్రమే తిను బిడ్డకు అందినవి మూడే! దానితో చెంచాడు ముద్దపప్పు చేరిన నాలుగు. ఉడికిన గుమ్మడిముక్క చేరిన ఐదు. లెక్క చూచిన భయపడవలసినంత దూరము లేదని మీకే తోచును.

ఐనను ఆ రెండు తెగలు ఎందుకంత ముఖ్యమో చెప్పెదను. తల్లి గర్భమునుండి బిడ్డ తెచ్చుకొను ఇనుపధాతువు సుమారు ఆఱు నెలలకే సరిపోవును. తల్లిపాలలో అది స్వల్పము. పెరుగన్నములోను స్వల్పమే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన దేశమున ఆఱు నెలలు మొదలు ఐదేండ్ల లోపు బిడ్డలలో నూటికి 67 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. బొద్దుగా కనబడు బిడ్డకును ఇది యుండవచ్చును. ఇనుము చాలని బిడ్డకు ఆకలి మందగించును. ఆకలి లేనందున ఇంకను తక్కువ తినును. కొందఱు మన్ను తినుటకు మొదలిడుదురు. పోతనగారి భాగవతమున యశోద కొడుకు మన్ను దిన్న కథను మనము మురిసి చదువుకొందుము గాని, మన యింటి బాలుడు అదే పని చేసిన వైద్యునితో రక్తపరీక్ష చేయించుటయే యుక్తము.

మన పూర్వులు ఈ కాలమును ఏమఱి యుండలేదు. సుశ్రుతుడు ఆఱవ నెలలో తేలికయు హితమునగు అన్నమును పెట్టుమనెను. కాశ్యపసంహితలో ముందు ఆఱవ నెలలో ఫలప్రాశనమును, పిదప అన్నప్రాశనమును చెప్పబడినవి. అనగా పండు ముందు, అన్నము వెనుక. మనమో, ముహూర్తమునాడు పరమాన్నము నాలుకకు రాచి, బిడ్డ పుస్తకము పట్టినదా బంగారము పట్టినదా యని చూచి సంతసించి, మఱునాటినుండి మరల పాలతోనే కాలక్షేపము చేయుచున్నాము. ఆడపిల్లకు ఐదవ నెలలో అన్నప్రాశనము చేయు ఇండ్లలో ఆ వేడుక వేడుకగానే జరుపుకొని, నిత్యభోజనమును ఆఱు నెలలు నిండిన పిదప మొదలిడవచ్చును.

ఇక పెట్టు విధానము. బిడ్డ నిద్రలేచి, ఆటలాడి, కొంచెము ఆకలితో నున్న వేళను ఎన్నుకొనుడు. కడుపునిండ పాలిచ్చి వెంటనే చెంచా చూపిన ఏ బిడ్డయు నోరు తెఱవదు. క్రొత్త పదార్థము మొదట రెండు చెంచాలకు మించరాదు. అదియు పగటిపూట పెట్టినచో, ఒంటికి సరిపడకున్న మనకు తెలియును. రెండుమూడు దినములకొక్క క్రొత్తది చాలును. ఒల్లని కూరను దినము విడిచి దినము పెట్టుచు, గోడమీది పంచాంగముపై గుర్తు వేసికొనుడు. ఎనిమిది గుర్తులు, పది గుర్తులు పడువఱకు తీర్పు చెప్పకుడు. బీరకాయ, సొరకాయ, చిలగడదుంప, తోటకూర, మునగాకు, ఇంట నున్నవే చాలును. పెరుగన్నమే ప్రాణమైన బిడ్డకు అందులోనే ఒక మూల కాసింత మెదిపిన గుమ్మడి నుంచి, తెలిసిన రుచి ప్రక్కన తెలియని రుచిని కూర్చుండబెట్టుడు. అంతయు కలిపి దాచిపెట్టకుడు. దాచిన కూరను బిడ్డ తినునే గాని దానిని ఎఱుగదు. వేఱుగా మెత్తని ముక్కను చేతికిచ్చి, పిసికి, పూసికొని, నోట బెట్టుకొననిండు. నేల తుడుచుకొనవచ్చును.

పప్పుకట్టు విషయమున ఒక మాట. మన యిండ్లలో పప్పుమీది తేటను బిడ్డకు పోసి, పప్పును పెద్దలు తిందురు. తేటలో పప్పు నీడయే గాని పప్పు లేదు. చెంచాను వంచినను జాఱిపోనంత గట్టిగా మెదిపిన పప్పన్నమే బలము. పప్పును కూరను చింతపండు, ఉప్పు, కారము వేయుటకు ముందే బిడ్డపాలు వేఱుగా తీసి, అర చెంచా నేయి వేసి మెదిపిన వేఱు వంట అక్కఱలేదు. నాలుగు చుక్కల నిమ్మరసము పిండిన పప్పులోని ఇనుము ఒంటికి బాగుగ పట్టును. గ్రుడ్డు, చేప, మాంసము తిను ఇండ్లవారు వానిని బిడ్డకు దినదినము పెట్టుట మేలని 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థవారు సూచించిరి. తినని యిండ్లలో పప్పులును, మెత్తగా నూఱిన వేరుసెనగ, నువ్వులును విడువరాదు.

మిక్సీ యున్నదని అన్నిటిని వెన్నవలె చేసి తొమ్మిదవ నెల దాటిన పిదపను పెట్టుట మాత్రము నాకు నచ్చదు. పదవ నెల వఱకు పలుకులు తగిలిన ఆహారము నెఱుగని బిడ్డలు పెద్దవారైనను తిండిలో పేచీలు పెట్టుట ఎక్కువయని పరిశోధకులు చెప్పుదురు. ఎనిమిదవ నెలనుండియే చేతితో మెదిపినది, పలుకు పలుకుగా నున్నది అలవాటు చేయవలెను. మొదట ఓకరించును, ఓకరించుట నేర్చుకొనుటలో భాగము, మొగము ఎఱ్ఱనై తానే సవరించుకొనును. గొంతున అడ్డుపడి శబ్దము లేకుండ నీలముగా మాఱుట వేఱు, అది ప్రాణాపాయము. కావున గట్టి వేరుసెనగగింజలు, శనగలు, గుండ్రని ద్రాక్షపండ్లు ముక్కలు చేయక ఇయ్యరాదు. తినునంతసేపు బిడ్డ నిటారుగా కూర్చుండవలెను, పెద్ద లొకరు ఎదుట నుండవలెను.

అందుచేతనే కాళ్లమీద పరుండబెట్టి, ముక్కు మూసి, ఉగ్గుగిన్నెతో గొంతున పోయు వాడుకను అత్తలగు పాఠకురాండ్రు మన్నించి మానవలెనని కోరుచున్నాను. అది బలవంతము, అపాయకరము కూడ. అమెరికాలో క్లారా డేవిస్ అను వైద్యురాలు పాలు మఱచు 15 మంది శిశువుల ఎదుట 34 రకముల సాదా పదార్థములలోనివి పూటపూటకు అమర్చి, దాదులను మాటాడక కూర్చుండుమని, బిడ్డ చేయి చాచినదానినే చెంచాతో అందింపుమనినది. 1928లోను 1939లోను ఆమె ప్రకటించిన వృత్తాంతముల ప్రకారము బిడ్డలు మొదట కొన్నిటిని ఉమ్మిరి, కొన్నిటిని నమిలి చూచిరి, తమకు తోచినట్లు తిని చక్కగా పెరిగిరి. ఐతే అందలి కిటుకు ఆమెయే చెప్పినది: ఆ పళ్లెములలో పంచదార గాని మిఠాయి గాని లేదు. ఏమి పెట్టవలెనో పెద్దల పని. ఎంత తినవలెనో బిడ్డ పని. ఈ రెండు పనులను తాఱుమాఱు చేసికొనిన యింటనే గొడవ పుట్టును.

సెల్‌ఫోను చూపి తినిపించుటను చందమామను చూపి తినిపించుటతో పోల్చి సమర్థించువారు కలరు. చందమామను చూచిన బిడ్డ మరల తల్లి మొగము చూచును. ఫోను చూచు బిడ్డకు తల్లియు తెలియదు, ముద్దయు తెలియదు, కడుపు నిండినదియు తెలియదు.

ఏడాది నిండువఱకు ఉప్పు, పంచదార వలదు. తేనె బొత్తిగా వలదు. అందు దాగియుండు ఒక సూక్ష్మజీవి పసిబిడ్డల నరములకు విషము కలిగింపగలదు. టీ ఒక్క గుటకయైనను ఈయకుడు, అది ఇనుమును అడ్డగించును. ఏడాది దాటిన బిడ్డ దినమునకు అరలీటరునకు మించి పాలు త్రాగుచు అన్నము నొల్లకున్న, ముందు పాలు తగ్గించి చూడుడు. పలుమారు అన్నముపై కోపము పాలు నిండిన కడుపు కోపమే. బిస్కత్తుల సంగతియు అంతే.

తూకము పెరుగకున్నను, తినునప్పుడెల్ల దగ్గు వచ్చుచున్నను, పదవ నెల దాటియు ఏ గట్టిపదార్థమును మింగలేకున్నను, బిడ్డ పాలిపోయి మందకొడిగా నున్నను ఎనిమిదిమారుల లెక్క పెట్టుకొని కూర్చుండక వైద్యునికి చూపుడు. అంగన్‌వాడీలో నెలనెల తూకము వేయుదురు. ఆ కార్డును భద్రపఱచి వెంట తీసికొనిపోయిన వైద్యునికి సగము సంగతి దానియందే తెలియును.