ఒకటో తరగతికి ప్రపంచం ఎందుకు?

ప్రపంచ స్థాయి చదువు అనే మాట మన రాష్ట్రంలో ఈమధ్య బాగా వినిపించింది. 2023లో ప్రభుత్వ బడుల్లో మూడో తరగతి నుంచే టోఫెల్ శిక్షణ మొదలైంది. 2024 జనవరి 31న ఇంటర్నేషనల్ బాకలారియేట్ సంస్థతో ఒప్పందం కుదిరింది. దాన్ని ఒకటో తరగతితో మొదలుపెట్టాలనుకున్నారు. ఆ ఏడాదే ప్రభుత్వం మారింది, ఆ రెండూ ముందుకు సాగలేదు. తెచ్చినవారికీ ఆపినవారికీ వారి వారి కారణాలున్నాయి. కొడవలూరు లాంటి మండలంలో పలక పట్టిన బిడ్డకు మాత్రం ఏదీ అందలేదు.

ఈ వాదులాటలో అసలు ప్రశ్న మరుగున పడిందని మేము తలుస్తున్నాము. ఇంత చిన్నబిడ్డకు ప్రపంచం గురించి ఎందుకు చెప్పాలి? రేపు విదేశంలో ఉద్యోగం రావడానికి అంటారు మనలో చాలామంది. ఆ కోరిక తప్పు కాదు గాని, అది ఒక్కటే చాలదు.

మన నెల్లూరు తీరాన్నే చూడండి. గుంటల్లో పెంచే వనామీ రొయ్య మన సముద్రానిది కాదు. దాని పుట్టిల్లు అమెరికా ఖండాల పసిఫిక్ మహాసముద్ర తీరం. ఇక్కడ పెరిగిన సరుకుకు పెద్ద కొనుగోలుదారు అమెరికా దేశం. 2025 ఆగస్టులో ఆ దేశం భారత సరుకులపై సుంకాన్ని 50 శాతానికి పెంచితే ఆ దిగులు మన గుంట గట్ల దాకా వచ్చింది. రైతుకే కాదు, మేత చల్లే కూలీకి, రొయ్య ఒలిచే తల్లికి కూడా. ఆ తల్లి బిడ్డకు ప్రపంచమంటే దూరదేశపు కథ కాదు, రాత్రి కూటి సంగతి.

అమ్మ ఒలిచిన రొయ్య ఎక్కడికి పోతుందో, అక్కడి పిల్లలు ఎలా బ్రతుకుతారో గ్లోబు మీద వేలు పెట్టి తెలుగులో చెబితే అదే ప్రపంచ విద్య. దానికి విదేశీ ముద్ర అక్కరలేదు. 2020 జాతీయ విద్యావిధానం వీలైనంతవరకు ఐదో తరగతి దాకా మాతృభాషలో చెప్పమంది. 2015లో ఐక్యరాజ్యసమితి పెట్టుకున్న 4.7 లక్ష్యం, పిల్లలకు ప్రపంచ పౌరులమన్న ఎరుక, పరాయి సంస్కృతుల పట్ల గౌరవం నేర్పమంది. ఒకదానికొకటి అడ్డు కాదు.

నెల్లూరు సంఘాలకు ఇది కొత్త పాఠమేమీ కాదు. 1840లో ఇక్కడికి చేరిన అమెరికన్ బాప్టిస్టు మిషనరీ శామ్యూల్ డే తెలుగు నేర్చుకునే సేవ చేశాడు. పొరుగువాడెవడని అడిగినవానికి ప్రభువు చూపింది సొంత ఊరివానిని కాదు, సమరయుని. ఒడిశా నుంచి పనికి వచ్చినవారి బిడ్డ మన బిడ్డ పక్కన కూర్చుంటే, వాని మాట విని నవ్వాలో, స్నేహం చేయాలో ఆ వయసులోనే స్థిరపడుతుంది.

కాబట్టి తల్లిదండ్రులారా, బడి కమిటీ సమావేశానికి వెళ్లండి. తరగతికి ఒక గ్లోబు, నాలుగు దేశాల కథల పుస్తకాలు అడగండి. సండే స్కూల్ టీచర్లారా, నీనెవె నేటి ఇరాకులో, దమస్కు సిరియాలో, అంతియొకయ టర్కీలో ఉన్నాయని, అక్కడా మన బిడ్డల్లాంటి బిడ్డలున్నారని చెప్పండి. పథకాలు వస్తాయి, పోతాయి. ఏ బిడ్డకూ ఒకటో తరగతి రెండోసారి రాదు.