చీటీ ఉందా ఆంటీ?

సంక్రాంతి వెళ్ళాక అమ్మను తెనాలి నుంచి హైదరాబాద్ తీసుకొచ్చాం. నాన్న పోయి ఐదేళ్ళయింది. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఒక్కతే ఉంటోంది. ఏడాదికోసారి మా ఇంటికి వచ్చి రెండు నెలలు ఉంటుంది. తర్వాత ఇక్కడి నీళ్ళు పడలేదనో, పెరట్లో కరివేపాకు చెట్టు ఎండిపోతుందనో ఏదో ఒక సాకు చెప్పి వెళ్ళిపోతుంది.

వచ్చిన వారానికి తన మందుల డబ్బా చూసుకుని, "అమ్మాయ్, నిద్రమాత్రలు అయిపోయినయ్యే. రెండు స్ట్రిప్పులు తెచ్చిపెట్టు" అంది. బీపీ మాత్ర, కాల్షియం మాత్ర, నిద్రమాత్ర... అమ్మ దృష్టిలో అన్నీ ఒకటే. నిజం చెప్పాలంటే నా దృష్టిలోనూ అంతే.

సందు చివర మెడికల్ షాపుకి వెళ్ళి ఖాళీ స్ట్రిప్ చూపించాను. కౌంటర్ దగ్గరున్న కుర్రాడు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "చీటీ ఉందా ఆంటీ?" అన్నాడు.

లేదన్నాను. "చీటీ లేకుండా ఇది ఇవ్వను ఆంటీ, రాసుకోవాలి" అన్నాడు. మా అమ్మ ఎన్నో ఏళ్ళుగా వాడుతోందని చెప్పాను. వినలేదు. డెబ్బై ఏళ్ళ మనిషికి రాత్రి నిద్ర పట్టకపోతే నువ్వొచ్చి కూర్చుంటావా అని కూడా అన్నాను. తల వంచుకుని ఊరుకున్నాడు తప్ప మాత్ర మాత్రం ఇవ్వలేదు. ఆంటీ అన్నందుకు సగం, ఇవ్వనందుకు సగం కోపంతో బయటికొచ్చాను.

నాలుగు వీధులవతల ఇంకో షాపుంది. అక్కడ ఖాళీ స్ట్రిప్ చూపించగానే ఆయన మారు మాట్లాడకుండా రెండు స్ట్రిప్పులు కాగితం కవర్లో వేసిచ్చాడు. బిల్లు కూడా లేదు. ఏదో గెలిచినట్టు ఇంటికొచ్చి, "చూశారా, అడిగే పద్ధతిలో అడిగితే ఇస్తారు" అని మావారితో గొప్పలు పోయాను.

మూడు వారాల తర్వాత ఒక రాత్రి రెండింటికి అమ్మ బాత్రూముకని లేచి తూలి పడింది. తుంటి ఎముక విరిగింది.

ఆపరేషన్‌కి ముందు డాక్టరుగారు అమ్మ వాడే మందులన్నీ బల్ల మీద పెట్టించి ఒక్కోటీ చూశారు. నిద్రమాత్ర దగ్గర ఆగారు. "ఇది ఎవరు రాశారమ్మా? ఎప్పటి నుంచి వాడుతున్నారు?" నా దగ్గర జవాబు లేదు. తెనాలిలో ఉన్న తమ్ముడికి ఫోన్ చేస్తే, అమ్మ బీరువాలో వెతికి పాత చీటీ ఫొటో తీసి పంపాడు. నాన్న పోయిన నెలలో రాసింది. ఆల్ప్రజోలం 0.25, రాత్రి ఒకటి, 15 రోజులు.

పదిహేను రోజుల మందు ఐదేళ్ళు నడిచింది. మధ్యలో 0.25 చాలక అమ్మే దాన్ని 0.5 చేసుకుంది. తెనాలిలో షాపాయన నాన్నకు తెలిసినవాడు. అమ్మ గుమ్మంలో నిలబడి పిలిస్తే చాలు, కుర్రాడితో ఇంటికే పంపేవాడు. ఎంత మంచివాడో అని మేమందరం అనుకునేవాళ్ళం.

పడడానికి ఆ మాత్ర ఒక్కటే కారణమని డాక్టరుగారు అనలేదు. ఈ రకం మాత్రలు వాడే పెద్దవాళ్ళకు రాత్రిపూట మత్తు వదలక కాలు తడబడుతుందనీ, పడి ఎముకలు విరిగే ప్రమాదం ఎక్కువనీ చెప్పారు. అయితే ఇవాళ్టి నుంచే మానిపించేద్దామా అని అడిగితే కంగారుగా వద్దన్నారు. ఇన్నేళ్ళు అలవాటైన ఒంటికి ఒక్కసారిగా ఆపితే ఫిట్స్ కూడా రావచ్చట. వారాల తరబడి కొంచెం కొంచెంగా తగ్గించాలట. మొదలుపెట్టడం ఎంత తేలికో, మానడం అంత కష్టమన్నమాట.

ఆసుపత్రిలో అమ్మ మంచం పక్కన కూర్చున్న ఆ పది రోజులూ నన్ను కుదిపేసిన సంగతి ఒకటుంది. ఈ ఐదేళ్ళలో ఆ మాత్ర గురించి ప్రశ్న వేసిన మొదటి మనిషి సందు చివర షాపు కుర్రాడు. కూతుర్ని నేను అడగలేదు. కొడుకు అడగలేదు. నేను కసురుకుని వచ్చింది అడిగిన వాణ్ణే.

ఇంటికొచ్చాక ఆ కుర్రాడు "రాసుకోవాలి" అన్నదేమిటో తెలుసుకున్నాను. మీరు కూడా ఇప్పుడే లేచి మీ ఇంట్లో మందుల డబ్బా తీసి స్ట్రిప్పుల వెనక చూడండి. కొన్నిటి మీద ఆర్ఎక్స్ అని ఉంటుంది. డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడని మందులన్నమాట. కొన్నిటి మీద ఎర్ర గీతల డబ్బా గీసి, డాక్టరు సలహా లేకుండా వాడితే ప్రమాదమని హెచ్చరిక రాసుంటుంది. అవి షెడ్యూల్ హెచ్1 మందులు. ఈ పట్టికను 2013లో ప్రకటించి 2014 మార్చి 1 నుంచి అమల్లోకి తెచ్చారు. ఆల్ప్రజోలం, డయాజెపాం, జోల్పిడెం లాంటి నిద్రమాత్రలు, కోడీన్, కొన్ని బలమైన యాంటీబయాటిక్స్, టీబీ మందులు అందులో ఉన్నాయి. మోకాళ్ళ నొప్పులకు మనలో చాలామంది మింగే ట్రామడాల్ కూడా ఉంది. దాన్ని 2018లో మత్తుమందుల చట్టం కిందికి కూడా తెచ్చారు.

హెచ్1 మందు అమ్మితే షాపువాళ్ళు విడిగా ఒక రిజిస్టరులో రాయాలి. రాసిన డాక్టరు పేరు, అడ్రసు, రోగి పేరు, మందు పేరు, ఎన్ని ఇచ్చారు అన్నీ. ఆ రిజిస్టరు మూడేళ్ళు దాచాలి. ఇంకా కఠినమైన షెడ్యూల్ ఎక్స్ మందులకైతే డాక్టరు చీటీ రెండు కాపీలు రాయాలి. ఒకటి షాపులోనే రెండేళ్ళు ఉంటుంది. ఆ కుర్రాడు నాకు మాత్ర ఇచ్చి ఉంటే ఆ రిజిస్టరులో డాక్టరు పేరు దగ్గర ఏం రాసేవాడు? నేను అడిగింది వాణ్ణి తప్పు చేయమని. అదీ గొంతు పెంచి మరీ.

ఇక్కడ మీలో కొందరు నాతో పోట్లాటకు వస్తారని తెలుసు. "నెలనెలా డాక్టరు దగ్గరికి పోవాలంటే ఫీజు ఎవరిస్తారు? ముసలావిణ్ణి ఆటోలో ఎవరు తీసుకెళ్తారు?" న్యాయమైన ప్రశ్నే. మా అపార్ట్‌మెంటులో ఒకావిడ కొడుక్కి ఫిట్స్. ఆ మందుల్లో కొన్ని కూడా ఈ నియంత్రణ కిందికే వస్తాయి. చీటీ చేతిలో ఉన్నా, ఈ రాతకోతల తలనొప్పి మాకెందుకని కొన్ని షాపులవాళ్ళు ఆ మందు తెప్పించడమే మానేశారట. ఒక్క పూట మందు తప్పితే పిల్లవాడు పడిపోతాడేమోనని ఆవిడ గుండె చేత్తో పట్టుకుని నాలుగు షాపులు తిరుగుతుంది. రూల్ అక్కడ ఎవర్ని కాపాడినట్టు?

మా పెద్దనాన్న సంగతీ చెబుతాను. ఆయనకు క్యాన్సర్ ఎముకలకు పాకింది. చివరి మూడు నెలలు నొప్పితో మంచం మీద మెలికలు తిరిగారు. మార్ఫిన్ మాత్రలు మా ఊళ్ళో ఏ షాపులోనూ దొరకలేదు. పదిహేను రోజులకోసారి మా అన్నయ్య పనికి సెలవు పెట్టి పట్నం వెళ్ళి తెచ్చేవాడు. ఒకసారి రెండు రోజులు ఆలస్యమైంది. ఆ రెండు రోజులు పెద్దమ్మ ఎలా గడిపిందో ఇప్పటికీ చెప్పదు. మందుల కోసం లైసెన్సులిచ్చి నల్లమందు పండించే దేశం మనది. ఆ నల్లమందు నుంచి వచ్చే మార్ఫిన్ మాత్రం మన పల్లెలో చావు నొప్పి పడుతున్న మనిషికి అందదు. 1985 నాటి చట్టం కింద అన్ని రకాల లైసెన్సులు తెచ్చుకోలేక ఆసుపత్రులు దాన్ని ఉంచడమే మానేశాయని 2014లో చట్టం సవరించారు. గుర్తింపు పొందిన వైద్య సంస్థలు మార్ఫిన్‌తో కలిపి ఆరు మందులు తేలిగ్గా ఉంచుకునే వీలు కల్పించారు. కాగితం మీద దారి తెరిచారు, బాగానే ఉంది. ఆ దారి జిల్లా ఆసుపత్రి దాకా, అక్కడి నుంచి మండలం దాకా రావాలి.

అందుకని రూల్ తీసేయమంటానా? అనను. అన్ని షాపుల్లోనూ ఒకేలా ఉండాలంటాను. సందు చివర ఒకడు అడిగి, నాలుగు వీధులవతల ఇంకొకడు అడక్కపోతే, రూల్ పాటించినవాడు బేరం పోగొట్టుకుంటాడు. పాటించనివాడికి మనమే మంచివాడని పేరు పెడతాం. అలాగే చీటీ ఉన్నవాళ్ళకు మందు దొరికి తీరాలంటాను. రిజిస్టరు రాయడం బరువని ఫిట్స్ పిల్లవాడి తల్లిని తిప్పి పంపడం రూల్ కాదు, బద్ధకం.

నెలనెలా తిరుగుడు సంగతికి మార్గం ఆ రూల్స్‌లోనే ఉంది. మనకెవరూ చెప్పలేదు, అంతే. ఇలాంటి చీటీ మీద మామూలుగా ఒక్కసారే మందు ఇవ్వాలి. డాక్టరుగారు ఇన్నిసార్లు ఇవ్వవచ్చని రాస్తే అన్నిసార్లు ఇవ్వవచ్చు. ఇచ్చిన ప్రతిసారీ షాపువాళ్ళు తమ పేరు, తేదీ చీటీ మీద వేయాలి. కాబట్టి డాక్టరుగారి గదిలోంచి లేచే ముందు ఒక్క మాట అడగండి. "ఎన్ని మాత్రలు, ఎన్నిసార్లు తీసుకోవచ్చో రాయండి డాక్టరుగారూ." చీటీలో రోగి పేరు, అడ్రసు, తేదీ, సంతకం ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. ఫోన్‌లో డాక్టరుతో మాట్లాడి రాయించుకుందామనుకునేవాళ్ళకు ఇంకో మాట. మత్తుమందుల చట్టం కిందికి వచ్చేవీ, షెడ్యూల్ ఎక్స్ మందులూ ఫోన్ వైద్యంలో రాయకూడదని 2020 మార్చిలో వచ్చిన మార్గదర్శకాలు చెబుతున్నాయి. ఆ ఒక్క మందుకైనా మనిషిని చూపించాల్సిందే.

మన ఆడవాళ్ళతో విడిగా చెప్పాల్సింది ఇంకొకటుంది. ఇంట్లో మందుల డబ్బా మన చేతిలో ఉంటుంది. పక్కింటావిడ నిద్ర పట్టడం లేదంటే "నాకు పనిచేసింది, ఒకటి వేసుకో వదినా" అని పచ్చడి పంచినట్టు పంచేది మనమే. నలభై ఐదు దాటాక ఒళ్ళంతా వేడి, అర్ధరాత్రి చెమటలు, తెల్లవార్లూ మెలకువ. డాక్టరుకు చెప్పుకోవడానికి సిగ్గుపడి పక్కవాళ్ళ మాత్ర అడిగి వేసుకునేదీ మనమే. అది పిప్పరమెంటు బిళ్ళ కాదు. ఎవరికి రాసింది వాళ్ళే వేసుకోవాలి. ఇంట్లో టీనేజి పిల్లలుంటే దగ్గు సిరప్పుల మీద కోడీన్ అని ఉందేమో కూడా చూడండి. ఉంటే ఫ్రిజ్ మీద పెట్టకండి, బీరువాలో పెట్టి తాళం వేయండి.

అన్నిటికన్నా బాధపెట్టిన సంగతి చివరికి ఉంచాను. ఒక రోజు అమ్మ తల దువ్వుతూ, "అసలు నీకు నిద్ర ఎందుకు పట్టదమ్మా?" అని అడిగాను. ఐదేళ్ళలో మొదటిసారి. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "మీ నాన్న గురక వినపడక" అంది.

నలభై ఆరేళ్ళు ఆ చప్పుడు పక్కన పడుకున్న మనిషి. నాన్న పోయిన నెలలో ఆ మాత్ర రాయడం తప్పని నేననను. పదిహేను రోజులయ్యాక మేము ఫోన్ చేసి "ఎలా పడుకుంటున్నావమ్మా?" అని అడగాలి. అడగలేదు. మాత్ర ఉంది కదా అని నిశ్చింతగా ఉన్నాం. అమ్మ నిద్రపోవడం మాకూ సుఖంగానే ఉండేది.

ఇప్పుడు డాక్టరుగారు చెప్పిన లెక్క ప్రకారం తగ్గిస్తూ వస్తున్నాం. పావు మాత్ర దాకా దిగాం. కొన్ని రాత్రులు అమ్మ అస్సలు పడుకోదు. అప్పుడు లేచి పక్కన కూర్చుంటాను. తెనాలి కబుర్లు చెబుతుంది. మధ్యాహ్నం కునుకు మాన్పించాం, సాయంత్రం వాకర్ పట్టుకుని వరండాలో నడిపిస్తున్నాం, రాత్రి కాఫీ బంద్. చివరిదానికే ఎక్కువ గొడవ చేసింది.

పోయిన వారం కొత్త చీటీ తీసుకుని సందు చివర షాపుకే వెళ్ళాను. ఆ కుర్రాడు చీటీ చదివి, లెక్కపెట్టి మాత్రలు కత్తిరించి, చీటీ మీద ముద్ర వేసి రిజిస్టరు తీశాడు. అమ్మ పేరు, అడ్రసు అడిగి రాసుకున్నాడు. ఆ రోజు కసురుకున్నందుకు ఏమీ అనుకోవద్దు బాబూ అన్నాను. వాడికి గుర్తే లేదు. రోజూ ఎంతమంది కసురుకుంటారో మరి.

"పేషెంటు ఎలా ఉన్నారు ఆంటీ?" అని అడిగాడు. ఈసారి కోపం రాలేదు.