రేటింగు అంకెలు – ఎవరి లెక్క, ఎవరి బ్రతుకు?

ప్రజలు కోరినదానినే తాము చూపుతున్నామని టెలివిజన్ ఛానళ్ల యాజమాన్యాలు తరచుగా చెప్పుకుంటాయి. అందుకు రుజువుగా వారం వారం వెలువడే రేటింగు అంకెలను మన ముందుంచుతాయి. ఏ ధారావాహిక కొనసాగాలి, ఏది ఆగిపోవాలి, ఏ నిర్మాతకు కొత్త కార్యక్రమం అప్పగించాలి అన్న నిర్ణయాలన్నీ ఆ అంకెల చుట్టూనే తిరుగుతున్నాయి. వేలాది నటీనటుల, సాంకేతికుల, దినసరి కార్మికుల జీవనోపాధి వాటితో ముడిపడి వున్నది. కనుక యీ అంకెలు ఎక్కడినుండి పుడుతున్నాయి, ఎవరి అవసరం కోసం పుడుతున్నాయి అన్న ప్రశ్నను కార్మికోద్యమం పట్టించుకోకుండా వుండజాలదు.

లెక్కించే విధానం

మన దేశంలో 2015 ఏప్రిల్ నుండి బార్క్ అనే సంస్థ రేటింగులను విడుదల చేస్తున్నది. ఎంపిక చేసిన ఇళ్లలో టీవీకి ఒక మీటరు అమర్చుతారు. ప్రసారమయ్యే ధ్వనిలో చెవికి అందని ఒక గుర్తును చేర్చుతారు. మీటరు దానిని పసిగట్టి, ఏ ఛానల్ నడుస్తున్నదో నమోదు చేస్తుంది. ఇంటిలోని ప్రతి ఒక్కరూ టీవీ ముందు కూర్చున్నప్పుడు తమకు కేటాయించిన మీట నొక్కాలి. దేశంలో టీవీ వున్న ఇళ్లు సుమారు 21 కోట్లని 2020లో ఆ సంస్థే అంచనా వేసింది. అప్పటికి మీటర్లు వున్న ఇళ్లు సుమారు 44 వేలు. అంటే అప్పట్లో సగటున ఒక్కొక్క ఇల్లు దాదాపు 4,800 ఇళ్ల తరఫున మాట్లాడినదన్న మాట.

నమూనా తీసి లెక్కించడం అశాస్త్రీయమని మనం అనడం లేదు. అన్నం ఉడికినదో లేదో తెలియడానికి ఒక్క మెతుకు చాలునని మన పెద్దలే చెప్పారు. అయితే ఆ మెతుకును పట్టి చూస్తున్నది ఎవరు? వడ్డన ఎవరికి? అసలు ప్రశ్న యిది.

బార్క్‌ను నెలకొల్పినపుడు దాని వాటాలలో 60 శాతం ప్రసార సంస్థల సంఘానికి, 20 శాతం ప్రకటనదారుల సంఘానికి, 20 శాతం ప్రకటన ఏజెన్సీల సంఘానికి దక్కినవి. చూసే ప్రేక్షకునికిగాని, తీసే కార్మికునికిగాని అందులో స్థానం లేదు. పాలకమండలిలో కనీసం సగం మంది స్వతంత్ర సభ్యులు వుండాలనీ, మీటర్లు వున్న ఇళ్లను 2022 చివరికి లక్షకు పెంచాలనీ ట్రాయ్ 2020 ఏప్రిల్‌లో సిఫారసు చేయవలసి వచ్చిందంటేనే లోపం ఎంత లోతైనదో తెలుస్తున్నది.

ఇళ్లను వర్గీకరించే తీరు కూడా గమనించదగినది. కుటుంబానికి ప్రధానంగా సంపాదించి పెట్టే వ్యక్తి చదువు, ఇంటిలో వున్న వస్తువులు – పదకొండు వస్తువుల జాబితాలో ఎన్ని వున్నాయి – అన్న రెండింటిని బట్టి కుటుంబాలను తరగతులుగా విభజిస్తారు. ప్రకటనదారుడు సాధారణంగా మొత్తం ప్రేక్షకులను కొనడు. తన సరుకు కొనగల తరగతిని ఎంచుకొని కొంటాడు. వ్యవసాయ కూలీ ఇంటిలో కూడా మీటరు వుండవచ్చు. కాని ఆ ఇంటి చూపుకు సంతలో పలికే ధర వేరు, రిఫ్రిజిరేటరు, కారు వున్న ఇంటి చూపుకు పలికే ధర వేరు.

ప్రజాభిరుచి అన్న మాట

ఒక్క ఉదాహరణ చాలు. 2015 అక్టోబరు నుండి గ్రామీణ ప్రాంతాల లెక్కలు రేటింగులలో చేరినవి. దూరదర్శన్ ఉచిత డిష్ ద్వారా గ్రామాలలో కనిపించే హిందీ ఉచిత ఛానళ్లు కొన్ని పట్టణాల పేరుమోసిన ఛానళ్లతో పోటీపడి ముందువరుసకు వచ్చినవి. ప్రజలు కోరినదే చూపడం యాజమాన్యాల ధర్మమైతే వాటిని మరింత బలపరచవలసి వుండెను. జరిగినదేమి? చందా వసూళ్లకు సంబంధించిన నూతన నిబంధనలు అమలులోకి రాగానే, 2019 మార్చిలో పెద్ద సంస్థలు ఆ ఛానళ్లను ఉచిత డిష్ నుండి ఉపసంహరించుకున్నవి. 2020లో తిరిగి వచ్చి, 2022లో మళ్లీ వైదొలగినవి. గ్రామీణుని అభిరుచి యీ మధ్యకాలంలో మారలేదు. మారినది లాభనష్టాల పట్టిక మాత్రమే.

యీ ధోరణి ప్రైవేటు ఛానళ్లతో మొదలైనది కాదు. 1975–76లో ఉపగ్రహం ద్వారా ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలో 2,400 గ్రామాలకు వ్యవసాయ, ఆరోగ్య, విద్యా కార్యక్రమాలు ప్రసారమైనవి. ఆ ప్రయోగం సాగుతుండగానే, 1976లో దూరదర్శన్‌లో వాణిజ్య ప్రకటనలు ప్రవేశించినవి. 1984లో ప్రారంభమైన "హమ్ లోగ్" కుటుంబ నియంత్రణ వంటి సామాజిక సందేశాల కోసం ఉద్దేశించినదే. అయినా దాని వెనుక నిలిచినది నూడుల్స్ అమ్మే కంపెనీ ప్రాయోజకత్వం. ప్రభుత్వ అదుపులోని దూరదర్శన్‌ను మనం ఆదర్శంగా చూపడం లేదు. దాని లోపాలు మనకు తెలుసు. ప్రేక్షకుడు పౌరుని స్థానం నుండి సరుకు స్థానానికి దిగజారిన క్రమాన్ని మాత్రమే గుర్తుచేస్తున్నాము.

2020 అక్టోబరులో మీటర్లు వున్న కొన్ని ఇళ్లకు డబ్బు ముట్టజెప్పి రేటింగు పెంచుకున్నారన్న ఆరోపణలు ముంబయిలో బయటపడినవి. వార్తా ఛానళ్ల రేటింగులను పన్నెండు వారాలు నిలుపుతామని బార్క్ ప్రకటించింది. అవి తిరిగి వెలువడినది 2022 మార్చిలో. ఆరోపణల నిజానిజాలు ఎలా వున్నా, కోట్ల రూపాయల వ్యాపారం కొద్ది వేల ఇళ్లపై నిలిచినప్పుడు యిటువంటి ప్రలోభం సహజంగానే పుడుతుంది.

భారం మోసేది కార్మికుడే

ఛానల్ సాధారణంగా ధారావాహికను ఎపిసోడుకు యింత అన్న లెక్కన నిర్మాతకు అప్పగిస్తుంది. హక్కులు ఛానల్‌వి, పనివారిని సమకూర్చే బాధ్యత నిర్మాతది. అంకె పడిపోతే ఖర్చు తగ్గించమంటారు, లేదా కథను అర్ధాంతరంగా ముగించమంటారు. ఆ నిర్ణయం మెట్టు మెట్టుగా క్రిందికి దిగి, చివరకు లైట్లు మోసే కార్మికుని కూలి మీద పడుతుంది. అంకె పెరిగినప్పుడు మాత్రం ఆ లాభం అంత త్వరగా క్రిందికి దిగదు.

డబ్బింగు సమస్య కూడా యిక్కడినుండే పుట్టినది. ఒక భాషలో రేటింగు తెచ్చుకొన్న ధారావాహికను మరొక భాషలోకి మార్చి చూపితే ఖర్చు స్వల్పం. 2011లో హిందీ "మహాభారత్" బెంగాలీ అనువాదాన్ని అక్కడి కళాకారుల, సాంకేతికుల సమన్వయ సంఘం వ్యతిరేకించింది. ఆ వ్యతిరేకత పోటీ చట్టానికి విరుద్ధమని 2017లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. మరొక భాషలోని మంచి కార్యక్రమాన్ని ప్రేక్షకులు చూడరాదని మనం అనము. కాని పని పోగొట్టుకొనే కార్మికుని గోడు పోటీ చట్టం త్రాసులో తూగదని ఆ తీర్పు స్పష్టం చేసింది. ఆ గోడు వినిపించవలసినది సంఘటిత శక్తి ద్వారానే.

ఆ శక్తి ఎటువంటిదో 2008 నవంబరులో ముంబయి చూపింది. చిత్రీకరణలు ఆగిపోగా, పెద్ద హిందీ ఛానళ్లు పాత ఎపిసోడులనే మళ్లీ వేసుకోవలసి వచ్చింది. 2018 ఆగస్టులో బకాయిలు, పనిగంటల విషయమై కొల్‌కతాలో ధారావాహికల పని కొన్ని రోజులు నిలిచిపోయి, ముఖ్యమంత్రి జోక్యం చేసుకొనవలసి వచ్చింది. అంకెలు ఏమి చెప్పినా, చేతులు కదలనిదే తెర వెలగదు.

మన కోర్కెలు

గాలి తరంగాలు ప్రజల ఆస్తియని 1995లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ ఆస్తిపై నడిచే వ్యాపారపు కొలబద్దను వ్యాపారస్తులకే వదిలివేయడం న్యాయం కాదు. రేటింగు వ్యవస్థ పాలకమండలిలో ప్రేక్షకులకు, మాధ్యమ కార్మికులకు ప్రాతినిధ్యం వుండాలి. లెక్కింపు విధానం బహిరంగం కావాలి. ధారావాహికను ముందుగా ఆపివేస్తే నోటీసు, నష్టపరిహారం యివ్వాలి. బకాయిలకు ఛానల్ కూడా బాధ్యత వహించాలి. ఎనిమిది గంటల పని అమలు జరగాలి.

2020 నాటి వృత్తిభద్రతా కోడ్ టెలివిజన్ పనివారిని దృశ్యశ్రవణ కార్మికులుగా గుర్తించి, లిఖిత ఒప్పందాన్ని తప్పనిసరి చేసింది. కోడ్‌ల పట్ల మన విమర్శ అలాగే వున్నది. అయినా 2025 నవంబరులో అవి అమలులోకి వచ్చినందున, ప్రతి యూనిట్‌లోను ఆ ఒప్పందాన్ని అడిగి పుచ్చుకొనడం సంఘాల తక్షణ కర్తవ్యం. యీ వారం అంకె పెరిగినదా తగ్గినదా అని భయంతో ఎదురుచూసే పరిస్థితి నుండి కార్మికుని బయటపడవేసేది ఆ కాగితమూ, దాని వెనుక నిలిచే సంఘమూ మాత్రమే.