చిల్లుకు జంకితే మాట చేరదు

రేడియో అనగానే మనవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎన్ని వాట్లు?" అని. ఏంటెన్నా ఎక్కడ పెట్టావని అడిగేవాడు నూటికి ఒక్కడు. లాబొరేటరీలో ట్రాన్స్‌మిషన్ లైన్లు చూసి, స్మిత్ చార్టు మీద వలయాలు గీసి పరీక్ష గట్టెక్కిన మనకు కూడా ఆ రెండో ప్రశ్న తోచదు. అమెరికాలో పికప్ ట్రక్కులకు బిగించుకునే సి.బి. రేడియోను ఉదాహరణగా తీసుకుని, ఆ రెండో ప్రశ్నే అసలు ప్రశ్న అని చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం.

సి.బి. అంటే సిటిజన్స్ బ్యాండ్. పరీక్షలేమీ రాయకుండా సామాన్యుడు వాడుకోగలిగే రేడియో. ఆ దేశంలో 1958లో 27 మెగాహెర్ట్జ్ దగ్గర దీనికి చోటిచ్చారు. 1973లో చమురు సంక్షోభం వచ్చింది. 1974లో గంటకు 55 మైళ్ళ వేగ పరిమితి వచ్చింది. ఇంధనం ఎక్కడ దొరుకుతోందో, పోలీసులు ఎక్కడ కాపు కాశారో చెప్పుకోవడానికి ట్రక్కు డ్రైవర్లు దీన్ని పట్టుకున్నారు. 1977లో చానళ్ళు 23 నుంచి 40 అయ్యాయి. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ సందడి తగ్గిన మాట నిజమే. కాని పడమటి రాష్ట్రాల కొండదారుల్లో, ఎడారుల్లో ఫోను పలకని చోట్లు నేటికీ ఉన్నాయి. మంచులో బండి దిగబడినవాడికి, ట్రక్కు డ్రైవర్లు చెవి ఒగ్గి ఉండే 19వ చానలే దిక్కు కావచ్చు. వాడి కేక రెండు మైళ్ళు పోతుందా, పది మైళ్ళు పోతుందా అన్నది చిన్న విషయం కాదు.

అయితే ఎక్కువ వాట్లు పెట్టుకోవచ్చు గదా అంటారు. చట్టం ఒప్పుకోదు. ఏ.ఎం. పద్ధతిలో 4 వాట్లే పరిమితి. పైన యాంప్లిఫైయరు తగిలించడం నేరం. పోనీ ఒప్పుకుందనుకుందాం. శక్తిని రెట్టింపు చేస్తే వచ్చే లాభం 3 డెసిబెల్సే. అవతలివాడి మీటరు ఒక్క ఎస్-యూనిట్ పైకి కదలాలంటే శక్తి నాలుగింతలు కావాలి. చెడ్డ చోట పెట్టిన ఏంటెన్నా అంతకన్న ఎక్కువే మింగేస్తుంది. కాబట్టి మన చేతిలో మిగిలింది చోటు ఒక్కటే.

ఇక్కడ లెక్క చూడండి. 27 మెగాహెర్ట్జ్ తరంగం పొడవు దాదాపు 11 మీటర్లు. అందులో పావు వంతు సుమారు 2.7 మీటర్లు. ఆ పుల్ల ఏంటెన్నాలో సగం మాత్రమే. తక్కిన సగం దాని కింద పరుచుకున్న బండి లోహమే. దాన్నే గ్రౌండ్ ప్లేన్ అంటాం. ఏంటెన్నా నుంచి చూస్తే లోహం ఏ వైపు ఎక్కువగా పరుచుకుని ఉందో, మాట ఆ వైపే బలంగా పోతుంది. వెనక ఎడమ మూల పెడితే ముందు కుడి వైపు బలం. మిగతా వైపులకు వెలితి. కాబిన్ కప్పు నడిమధ్యన పెడితే నాలుగు వైపులా ఇంచుమించు సమానం.

మరి జనం ఎక్కడ పెడతారు? అద్దం కమ్మీకి పెడతారు, సులువు గనుక. కాని తలుపుకూ కాబిన్‌కూ మధ్య ఉన్నది గ్రీజు పూసిన కీళ్ళే. విద్యుత్తు దృష్టిలో అది సరైన అతుకు కాదు. వెనక బంపరుకు పెడతారు. అప్పుడు కింది సగం బండి ఒంటిని ఆనుకుని నిలుస్తుంది. ఎక్కువ కరెంటు ప్రవహించేదీ ఆ కింది భాగంలోనే. కాబిన్ వెనక పనిముట్ల పెట్టెకు పెడతారు. ఇది కొంత నయం. ఏంటెన్నాలో సగానికి పైగా కప్పు మట్టం దాటి లేస్తే ఫరవాలేదు. అయితే కాబిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుని ఉంటుంది. కాబిన్‌నీ తొట్టినీ చట్రాన్నీ అల్లిక రాగి పట్టీలతో కలపకపోతే ఆ లోహమంతా ఉండీ లేనట్టే.

"మీటరు బాగానే చూపిస్తోందండీ" అనేవారు కొందరు. ఎస్.డబ్ల్యు.ఆర్. 3 ఉంటే శక్తిలో నాలుగో వంతు వెనక్కి తిరిగివస్తుంది, 1.5 ఉంటే నూటికి 4 వంతులే. అది చూడవలసిందే. కాని డమ్మీ లోడ్ తగిలిస్తే మీటరు సరిగ్గా 1 చూపిస్తుంది. మాట మాత్రం గది దాటదు. మార్కులు నూటికి నూరు, పని సున్న. ఇది మనకు తెలియని సంగతి కాదు గదా!

కనుక నా అభిప్రాయం ఇది: కప్పు నడుమ చిల్లు పెట్టి బిగించడమే ఉత్తమం. కొత్త బండికి చిల్లా అని గుండె గుభేలుమంటుంది. తుప్పు పడుతుందంటారు, అంచుకు రంగు పూసి, రబ్బరు వలయం వేస్తే పట్టదు. అమ్మకంలో ధర తగ్గుతుందంటారు. తగ్గవచ్చు, అది భద్రతకు కట్టిన వెల అనుకోవాలి. ఎత్తు సంగతి మాత్రం నిజమైన ఇబ్బందే. పూర్తి పుల్ల కప్పెక్కితే నాలుగు మీటర్లు దాటి కొమ్మల్ని, షెడ్డు గడపల్ని కొడుతుంది. అందుకు కాయిల్ చుట్టిన మీటరుంపావు పుల్ల వాడితే సరిపోతుంది. డ్రిల్లు ముట్టే ముందు కప్పు లోపలి వైర్లు, గాలిసంచులు ఎటు పోతున్నాయో చూసుకోవడం మరవరాదు.

చిల్లుకు మనసొప్పనివారు అయస్కాంతపు దిమ్మనైనా కప్పు నడుమ పెట్టండి. బంపరుకు బోల్టులతో బిగించినదానికన్న అదే మేలు. గుడ్డికన్న మెల్ల మేలు గదా. 2015 నుంచి ఫోర్డ్ ఎఫ్-150 ఒళ్ళు అల్యూమినియం గనుక దానికి అయస్కాంతం అంటదు. అక్కడ చిల్లో, పెట్టెకు బిగింపో తప్పదు.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాల నుంచి వెళ్ళినవారు ఆ దేశంలో ఎందరో ఉన్నారు. రేపు మీలో కొందరు వెళతారు. ఎక్కడున్నా ఇంజనీరు మొదట అడగవలసింది ఈ పరికరం ఎవరికోసం, ఏ గడియకోసం అని. మెరిసే కప్పు చూసుకుని మురిసిపోయే రోజులు ఏడాదిలో మూడువందల అరవై ఉంటాయి. రేడియో మాత్రం మిగిలిన ఆ నాలుగైదు రోజుల కోసం. చోటు ఎంచవలసింది వాటిని దృష్టిలో పెట్టుకునే.