గీతలు కొని మరీ గీయించుకుంటున్నారు

కొత్త సినిమా టీజరు వస్తుంది. ఖరీదైన డిజిటల్ కెమెరాతో, చిన్న మరక కూడా లేకుండా తీసిన బొమ్మ. తీసిన తర్వాత దాని మీద తెల్ల గీతలు గీస్తారు. దుమ్ము చుక్కలు చల్లుతారు. మధ్యలో రీలు కాలినట్టు ఒక బొక్క పెడతారు. కత్తులు, నెత్తురు, బూతులు ఉన్న సినిమా అయితే ఈ అలంకారం తప్పనిసరి. ఇదేందయ్యా అంటే, పాతకాలం ఫీలింగ్ అంటారు. ఎవరి పాతకాలం? ఆ కాలంలో ఆ గీతల్ని ఎవరు చూశారు, ఎవరు చూడలేదు?

మా నెల్లూరు వైపు గీతలు ఎట్టా పడేవో చెప్తాను. సినిమా వ్యాపారంలో నెల్లూరు విడిగా ఒక ఏరియా. నైజాం, సీడెడ్, గుంటూరు, కృష్ణా మాదిరే దీని హక్కులూ వేరుగా అమ్ముతారు. చిన్న ఏరియా, కొద్ది ప్రింట్లు. కొత్త ప్రింటు బాక్సు ముందు టౌన్లో దిగేది. తర్వాత కావలి, గూడూరు. అక్కడ కలెక్షన్లు పడిపోయాక కోట, వాకాడు, అల్లూరు. ఆఖరుకు సముద్రం ఒడ్డు పల్లెలో డేరా వేసుకున్న టూరింగ్ టాకీసుకు. అప్పటికి అది ఎన్ని ప్రొజెక్టర్ల పళ్లచక్రాల మీద నలిగిందో లెక్కలేదు. రెండు హాళ్లకు ఒకటే ప్రింటయితే రీళ్లు సైకిలు మీద పరిగెత్తేవి. తెగినచోట ఆపరేటరు బ్లేడుతో గీకి, ఫిల్ము సిమెంటు రాసి అతికించేవాడు. అతుకు పడ్డప్పుడల్లా కొన్ని ఫ్రేములు చెత్తబుట్టలోకి పోయేవి. మాట సగంలో తెగేది. ఒక్కోసారి పాటే ఉండేది కాదు. తెరమీద గీతల వాన కురుస్తుంటే ఇసుకలో కూర్చున్న జనం ఈలలేసి ఊరుకునేవాళ్లు. టౌనువాడు చూసింది పూర్తి సినిమా. పల్లెవాడు డబ్బులిచ్చి కొనుక్కున్నది టౌనువాడు వాడి పారేసిన సినిమా.

ఆ అన్యాయాన్ని ఇవాళ ఫ్యాషన్ కింద అమ్ముతున్నారు. నా మంట అదీ.

ఈ సోకు పుట్టిన చోటు తెలిసిందే. 2007లో క్వెంటిన్ టరాంటినో, రాబర్ట్ రోడ్రిగెజ్ కలిసి ‘గ్రైండ్‌హౌస్’ వదిలారు. ఒకే టిక్కెట్టుకు రెండు సినిమాలు, మధ్యలో అసలు లేని సినిమాలకు ఉత్తుత్తి ట్రైలర్లు. రోడ్రిగెజ్ తన ‘ప్లానెట్ టెర్రర్’ని డిజిటల్లో తీసి, కంప్యూటర్లో పాడుచేశాడు. రెండు సినిమాల్లోనూ సరసం వేడెక్కేచోట రీలు పోయిందని కార్డు వేసి ముందుకు దూకుతారు. సినిమాకు అనుకున్న డబ్బు రాలేదు గానీ, దాని రోగం మాత్రం ఊరూరా పాకింది. వాళ్లనైనా సరే అనుకోవచ్చు. గ్రైండ్‌హౌస్‌లంటే వాళ్ల ఊళ్ల చవకబారు హాళ్లు, వాళ్లు చూసి పెరిగిన బొమ్మలు. మనవాళ్లది పులిని చూసి నక్క వాత పెట్టుకున్న యవ్వారం.

పోనీ ఆ వాతైనా సరిగ్గా పెట్టుకున్నారా? ప్రొజెక్టరు గేటులో ఇసుక రేణువు ఇరుక్కుంటే గీత నిలువుగా, ఒకేచోట, నిమిషాల తరబడి సాగుతుంది. వీళ్ల గీతలు మిడతల్లా ఎగురుతాయి. రంగుల ప్రింటులో పైపొర లేస్తే గీత ఆకుపచ్చగా కనపడుతుంది. ఇంకొంచెం లోతుకు దిగితే పసుపు, అన్ని పొరలూ పోతేనే తెలుపు. వీళ్లకు అన్నీ తెలుపే. దెబ్బలు ఎక్కువగా తగిలేది రీలు మొదట్లో, చివర్లో. చేతులు పడేది, ప్రొజెక్టరుకు ఎక్కించేది అక్కడే కదా. వీళ్లు సినిమా అంతా సమానంగా పూస్తారు. పాత ఈస్ట్‌మన్‌కలర్ ప్రింటు వెలిసిపోతే గులాబీ రంగుకు తిరుగుతుంది. వీళ్లది టీ ఒలికిన పసుపు. ఎక్కడో రెడీమేడ్‌గా కొన్న దుమ్ము అది. శ్రద్ధగా చూడండి, కాసేపటికి అదే వెంట్రుక అదే మూలకు మళ్లీ వస్తుంది.

ఈ కత్తులు, తుపాకుల రకం సినిమాకు తెలుగులో పెద్దాయన ఎవరు? కె.ఎస్.ఆర్. దాస్. మా నెల్లూరు జిల్లా మనిషి. 1970లో విజయలలితతో ‘రౌడీ రాణి’ తీసి, ఆడది తుపాకి పట్టి పగ తీర్చుకుంటే జనం ఎగబడి చూస్తారని చూపించాడు. 1971లో కృష్ణతో ‘మోసగాళ్లకు మోసగాడు’. ఆరుద్ర రాత, వి.ఎస్.ఆర్. స్వామి కెమెరా, రాజస్థాన్ ఎడారిలో గుర్రాలు. అదే ఏడు ‘జేమ్స్ బాండ్ 777’. కొద్ది డబ్బు, కొద్ది రోజులు, బోలెడు వేగం. ఆ స్వామి ఎడారి ఎండలో అంత తంటాలు పడింది ఇసుకలో ఒక్కో గుర్రం స్పష్టంగా కనపడాలని. గీతలు ఆ సినిమాకు తర్వాత తగిలిన దెబ్బలు. వాటినే ఆ కళ అనుకుని నెత్తిన పెట్టుకునేవాడు దాసు సినిమా ఎన్నడూ సరిగ్గా చూడలేదన్నమాటే.

2023 మే 31న, కృష్ణ పుట్టినరోజుకు, ‘మోసగాళ్లకు మోసగాడు’ను శుభ్రం చేసి 4కేలో మళ్లీ వదిలారు. మంచి పని. కానీ దాని వెనక ఒక పెద్ద హీరో పేరుంది, సొంత సంస్థ ఉంది. మిగతా ఆడహీరో సినిమాలు, గూఢచారి సినిమాలు, దొంగల సినిమాలకు దిక్కెవరు? వాటిలో చాలావాటికి మసక వీడియో నకళ్లే గతి. అసిటేట్ ఫిల్ము వేడికి, తేమకు కుళ్లి వెనిగర్ వాసన కొడుతుంది. ఒక డబ్బాలో మొదలైతే పక్క డబ్బాకూ అంటుతుంది. మా తీరం గాలిలో ఉన్నదే వేడి, తేమ, ఉప్పు. నలుపు తెలుపు రీళ్లనైతే వెండి కోసం కరిగించుకున్నారు. మన తొలి టాకీ ‘భక్త ప్రహ్లాద’ను ఇవాళ చూద్దామంటే ప్రింటే లేదు. నిజంగా పాడైన సినిమాను బాగుచేయడానికి పైసా రాలదు. బాగున్న సినిమాను పాడుచేయడానికి మాత్రం గ్రాఫిక్స్ వాళ్లకు బిల్లు కడతారు! సిగ్గుండాలి.

ఇక కొత్త బొమ్మల సంగతి. 2019లో సూళ్లూరుపేట దగ్గర బాగా పెద్ద తెర ఉన్న సినిమా హాలు కట్టారు. ఊరు ఊరంతా కార్లేసుకుని పోయి చూసొచ్చింది. ఇన్నాళ్లకు మా వైపు జనానికి మొదటి ఆట నాటి తేట బొమ్మ దక్కింది. ఆ తెర మీదకు కూడా గీతలు గీసి పంపుతారా?

మూతబడ్డ హాళ్ల యజమానులకు, పాత డిస్ట్రిబ్యూటర్ల ఇళ్లవాళ్లకు ఒక మాట. గోడౌన్లో తుప్పు పట్టిన బాక్సు ఉంటే పాత ఇనుము బండికి వేయొద్దు. పుణేలో జాతీయ ఫిల్మ్ ఆర్కైవ్ 1964 నుంచి ఉంది, వాళ్లకు చెప్పండి. దర్శకుడు బాబూ, నీకూ ఒక మాట. నీ తర్వాతి సినిమాలో గీతలకు రాసుకున్న డబ్బు తీసి, దాసు సినిమా రీలు ఒక్కటి స్కాన్ చేయించు. నీ పేరు టైటిల్స్‌లో వేసుకో, మేమేం అనుకోం.