తొవ్వ చూసే కళ్లు

కమ్మర్‌పల్లిలో రోడ్డు మీద నిలబడితే 63వ నంబరు జాతీయ రహదారి రెండు దిక్కులకూ సాగిపోతూ కనిపిస్తుంది. పడమరకు మోర్తాడ్, ఆర్మూర్, నిజామాబాద్, బోధన్, ఆ పైన మహారాష్ట్ర. తూర్పుకు మెట్‌పల్లి, కోరుట్ల, జగిత్యాల, మంచిర్యాల. ఆర్మూర్ దగ్గర ఈ రోడ్డును శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాకా పోయే 44వ నంబరు రహదారి దాటుతుంది. దాని మీద దక్షిణానికి మళ్లితే హైదరాబాద్, శంషాబాద్ విమానాశ్రయం. ఉత్తర తెలంగాణలో బతుకుదెరువు గురించి అందరి నోటా ఉన్న మాట ఒకటుంది: బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి. ఆ మూడింటికీ ఇక్కడి నుంచి తొవ్వ ఉంది. తూర్పున సింగరేణి బొగ్గు, పడమట బొంబాయి, దక్షిణాన దుబాయి విమానం.

బతుకును దారితో పోల్చని కవి ఏ భాషలోనూ ఉండడు. ఇంగ్లీషు చదువుకున్నవారికి ఆ పోలిక అనగానే రాబర్ట్ ఫ్రాస్ట్ 1915లో అచ్చువేయించిన కవిత గుర్తొస్తుంది. అడవిలో రెండుగా చీలిన బాట, ఒకదాన్ని ఎంచుకున్న మనిషి. నడకలో ఏ దారి పట్టాలో తేల్చుకోలేక, పట్టని దారి గురించి బాధపడే మిత్రుడు ఎడ్వర్డ్ థామస్‌ను చూసి ఫ్రాస్ట్ ఆ కవిత రాశాడు. థామస్ అదే ఏడాది సైన్యంలో చేరి 1917లో అరాస్ యుద్ధంలో చనిపోయాడు. ఆ కవితలో దారి అంటే ఎంపిక. కమ్మర్‌పల్లి వంటి ఊళ్లో మూడు దారులున్నా మూడూ ఊరి బయటికే పోతాయి. ఇక్కడి మనిషి ఏ దారి పట్టాడన్న ప్రశ్న కన్నా, అతను వచ్చేదాకా ఆ దారిని ఎవరు చూశారన్న ప్రశ్న పెద్దది.

ఆ ప్రశ్న తెలుగు భాషలోనే ఉంది. ఎదురుచూడటానికి మనకున్న మాట 'దారి చూడటం'. తెలంగాణ పల్లెలో అది 'తొవ్వ చూసుడు'. తొవ్వకు పడ్డాడంటే బయల్దేరాడని, తొవ్వకు వచ్చాడంటే బుద్ధి తెచ్చుకున్నాడని, తొవ్వ పొంటి అంటే దారి వెంబడి అని అర్థం. నడవడం, తప్పడం, చేరడం అన్నీ ఈ మాట చుట్టూ అల్లుకున్నాయి. వాటిలో నిలబడి చూడటం కూడా ఒకటి. నడిచేవాడితో పాటు ఇంటి దగ్గర ఉన్నవారికీ ఆ దారిలో భాగం ఉందని మన నుడికారం ముందే ఒప్పుకుంది. మన ఆధునిక కవిత్వం మాత్రం ఆ భాగాన్ని చాలాకాలం చిన్నచూపు చూసింది.

ఈ ప్రాంతానికి చెందిన అతి పాత దారి కథ పాలీ భాషలో ఉంది. సుత్తనిపాతంలోని చివరి భాగం పేరు 'పారాయణ వగ్గ'. పారాయణం అంటే ఆవలి ఒడ్డుకు చేర్చే దారి. గోదావరి ఒడ్డున, అస్సక రాజ్యంలో ఉండే బావరి అనే ముసలి గురువు తన పదహారుగురు శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపుతాడు. అస్సకమంటే అశ్మకమే. దాని రాజధాని పోదన నేటి బోధనేనని, బావరి ఉన్న చోటు నిర్మల్ జిల్లాలోని బాదన్‌కుర్తి అని కొందరు చరిత్రకారులు గుర్తించారు. శిష్యులు దాటిన ఊళ్లను ఆ గాథలు పేరుపేరునా చెబుతాయి: ప్రతిష్ఠానం, మాహిష్మతి, ఉజ్జయిని, విదిశ, కౌశాంబి, సాకేతం, శ్రావస్తి, కపిలవస్తు, కుశీనగరం, వైశాలి, చివరికి మగధ. అంత దూరం నడిచినవారి ప్రశ్నలు, బుద్ధుడి జవాబులు అయిపోయాక కథ మళ్లీ గోదావరి వైపు తిరుగుతుంది. కళ్లు మసకబారి, ఒళ్లు సడలిన పింగియుడు అక్కడ విన్నది బావరికి చెబుతాడు. పంపినవాడు ఇంకా ఒడ్డున ఉన్నాడని, అతనికి కబురు చేరాలని ఆ గాథలు కట్టినవారు మరచిపోలేదు.

శాతవాహనుల కాలానికి వచ్చేసరికి తొవ్వ చూసేవారే కవిత్వానికి నడుమ నిలిచారు. హాలుడు కూర్చిన ప్రాకృత 'గాథాసప్తశతి'లో బాటసారి, అతని ఇల్లాలు మళ్లీ మళ్లీ వస్తారు. భర్త వెళ్లిన రోజులను గోడ మీద గీతలు గీసి లెక్కపెట్టుకునే స్త్రీ ఆ గాథల్లో ఉంది. శాతవాహనుల తొలి నాణేలు దొరికిన కోటిలింగాల ఈ 63వ నంబరు రోడ్డు పోయే జగిత్యాల జిల్లాలోనే, గోదావరి ఒడ్డునే ఉంది. తర్వాత లక్షణకర్తలు అష్టవిధ నాయికల్లో ఒకరికి 'ప్రోషితభర్తృక' అని పేరుపెట్టారు. భర్త దూరదేశం వెళ్లిన స్త్రీ అని ఆ మాటకు అర్థం. పేరు దొరికాక ఆమె శృంగార రసంలో ఒక గదికి పరిమితమైంది. గాథల్లో ఆమెకు ఊరు, పొలం, అత్త, వానకాలం ఉండేవి. అలంకార గ్రంథాల్లో విరహమొక్కటే మిగిలింది.

ఆమెను ఆ గదిలోంచి బయటికి తెచ్చింది జానపదులే. బతుకమ్మ పాటల్లో పెళ్లయి వెళ్లిన ఆడబిడ్డ పండుగకు తీసుకుపోయే అన్న కోసం తొవ్వ చూస్తుంది. సాయుధ పోరాట కాలంలో బండి యాదగిరి కట్టిన పాట, తెలంగాణలో పిల్లలకు కూడా నోటికి వచ్చే ఆ పాట, రోడ్డు మీద బండి వెనుక బండిగా సాగే వరుసను చూస్తున్నవారి గొంతుతో నడుస్తుంది. పాడేవాడు ఎక్కడికీ పోవడం లేదు. తన నేల మీద నిలబడి, వచ్చేవాణ్ని నిలదీస్తున్నాడు. తొవ్వ చూసుడులో నిస్సహాయతే కాదు, పహారా కూడా ఉందని ఆ పాట చెప్పింది.

శ్రీశ్రీ దగ్గరికి వచ్చేసరికి దారి పూర్తిగా నడిచేవారి సొంతమైంది. మహాభారతంలో పదిహేడోది మహాప్రస్థానిక పర్వం. రాజ్యం వదిలి ఉత్తరానికి నడిచినవారిలో ధర్మరాజు తప్ప మిగతా పాండవులు, ద్రౌపది ఒక్కొక్కరుగా నేలకొరుగుతారు. వెనక్కి రాని ఆ నడకకున్న పేరును 1934లో శ్రీశ్రీ తన కవితకు పెట్టి, చావు వైపు పోయే మాటను రేపటి వైపు తిప్పాడు. 1950లో అదే పేరుతో వచ్చిన పుస్తకం తెలుగు కవిత్వం నడకనే మార్చింది. ఒక్క మాటను ఇంత దూరం మళ్లించిన కవి మనకు మరొకరు లేరు. ఆ ఊపులో మాత్రం, ముందుకు కదిలే గుంపు వెనక ఇళ్లలో ఉండిపోయినవారు చాలా కవితల్లో కనుమరుగయ్యారు.

నిజామాబాద్‌కు మరో రకం దారి తెలుసు, గోడ అడ్డుపడిన దారి. 1947–48లో దాశరథి కృష్ణమాచార్యను నిజాం ప్రభుత్వం ఇక్కడి ఇందూరు ఖిల్లా జైలులో ఉంచింది. ఆయన జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాశారు. అదే జైలులో వట్టికోట ఆళ్వారుస్వామి ఉన్నారు. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి, పుస్తకాలు మోసుకుంటూ ఊరూరా తిరిగి అమ్మిన మనిషి ఆయన. 1949లో వచ్చిన 'అగ్నిధార'ను దాశరథి ఆయనకే అంకితమిచ్చారు. తన జ్ఞాపకాలకు దాశరథి పెట్టుకున్న పేరు 'యాత్రాస్మృతి'. కాలు కదపనివ్వని చోటు కూడా ఆ యాత్రలో ఒక మజిలీయే. గాథలోని ఇల్లాలి గోడ గీతలకూ ఖిల్లా గోడ మీది బొగ్గు పద్యానికీ మధ్య దాదాపు రెండువేల ఏళ్ల దూరం ఉన్నా, చెయ్యి చేసిన పని ఒక్కటే.

63వ నంబరు రోడ్డు మీద పడమటికి పోతే బోధన్ వస్తుంది. 1937లో పుట్టిన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ వెలిసింది. క్రషింగ్ మొదలైతే చెరుకు బండ్లు, ఆ తర్వాతి కాలంలో ట్రాక్టర్లు బారులు తీరేవి. 2015 డిసెంబరులో ఫ్యాక్టరీ మూతపడింది. దారి అలాగే ఉంది, చేరవలసిన చోటే లేకుండా పోయింది. గమ్యం ముందుగానే మాయమైన ఈ దారికి తెలుగు కవిత్వంలో ఇంకా తగిన పోలిక రాలేదు. పసుపు పండించే ఆర్మూర్, బాల్కొండ వైపు రైతులైతే దారిని మరోలా వాడుకున్నారు. 2019 ఫిబ్రవరిలో మద్దతు ధర కోసం ఎర్రజొన్న రైతులతో కలిసి జాతీయ రహదారి మీద బైఠాయించారు. ఆ వేసవి ఎన్నికల్లో నిజామాబాద్ లోక్‌సభ స్థానానికి 185 మంది పోటీలో నిలిచారు. వారిలో ఎక్కువమంది రైతులు. నడవడానికి వేసిన రోడ్డు మీద కూర్చుంటేనే మాట వినపడుతుందని వారికి తెలుసు.

అన్నిటికన్నా పెద్ద కథ దుబాయిది. చమురు ధరలు పెరిగిన 1970ల తర్వాత నిజామాబాద్, కరీంనగర్ పల్లెల నుంచి మొదలైన వలస ఇప్పటికీ ఆగలేదు. సౌదీ, ఖతర్, కువైట్ ఎక్కడికి పోయినా ఊళ్లో 'దుబాయి పోయిండు' అనే అంటారు. 'రహదారి' అన్న మాట పారసీ నుంచి వచ్చింది. ఒకప్పుడు దానికి దారి సుంకమనీ, ప్రయాణానికిచ్చే అనుమతి చీటీ అనీ అర్థాలుండేవి. పాస్‌పోర్టును కఫీల్ దగ్గర, అంటే వీసా ఇచ్చిన యజమాని దగ్గర పెట్టి, చివరికి అతన్ని వదిలి పారిపోయి 'ఖల్లివెల్లి' అయి దాక్కున్న కూలీకి ఆ పాత అర్థం ఎంత బరువైనదో తెలుసు. పెద్దింటి అశోక్‌కుమార్ 'ఎడారి మంటలు' నవలలో ఈ వలస బతుకును పట్టుకున్నారు. వచన సాహిత్యం అక్కడిదాకా వెళ్లింది.

కవిత్వం ఇటు కొసకు కూడా రావాలి. భర్త దుబాయిలో ఉన్న స్త్రీ చేతులు కట్టుకుని గడపలో దీపం ముందు కూర్చుని లేదు. ఒడిలో చాట పెట్టుకుని, తునికాకు కత్తిరించి బీడీలు చుడుతోంది. తొమ్మిది నెలల పసుపు పంటకు నీళ్లు పెట్టించి, తవ్వించి, ఉడికించి, ఆరబోయించి, మార్కెట్ యార్డుకు పంపుతోంది. అప్పు కిస్తీ, పిల్లల ఫీజు, అత్త మందులు లెక్క చూస్తోంది. ఆ పనుల మధ్యే ఫోను వైపు, రోడ్డు వైపు ఒక కన్ను వేసి ఉంచుతోంది. 'ప్రోషితభర్తృక' అన్న మాట ఆమెకు చాలదు. శంషాబాద్ నుంచి శవపేటికతో బయల్దేరిన అంబులెన్సు ఆర్మూర్ దగ్గర మలుపు తిరిగి ఊరు చేరిన రోజు ఆమెకు ఏ నాయిక పేరూ సరిపోదు.

ఆమె గురించి ఎవరైనా రాయవచ్చు. ఆమే రాస్తే ఇంకా మంచిది. చదువుకున్న కూతురు రాసినా మంచిదే. అలాంటి కవితలు పత్రికలకు పంపేవారికి ఒక్క మనవి. ఇంట్లో అనుకున్న 'తొవ్వ'ను సాపు కాపీలో 'మార్గం' అని దిద్దుకోవద్దు. 'తొవ్వ పొంటి' ఉన్నచోట 'దారి వెంబడి' పెట్టవద్దు. కాళోజీ పుట్టిన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్న కాలంలో కూడా అచ్చుకు పోయేముందు ఇలాంటి మాటల మీద కలం పెట్టే అలవాటు కవుల్లో ఉంది, సంపాదకుల్లో ఉంది. ఈ పత్రిక దగ్గరికి వచ్చే కవితల్లో ఆ మాట వచ్చినట్టే అచ్చవుతుంది.