నిషేధాజ్ఞలు – పౌరస్వత్వములు

2024 మే 13వ తేదీ యెన్నికలనాడును తదుపరియు పల్నాటిసీమలో దౌర్జన్యములు చెలరేగగా అధికారులు 144వ సెక్షను విధించిరి. శాంతిరక్షణము వారి ధర్మమే. కాని కొందరి నేరమునకు మాచర్ల, గురజాల, నరసరావుపేటల ప్రజలెల్లరి నోళ్లు కట్టివేయుట న్యాయమా?

ఆ యేడు జూలై 1వ తేదీన క్రొత్త నేరవిచారణ శాసనము అమలునకు వచ్చెను. 144వ సెక్షను 163 అయ్యెను. అధికారము మాత్రము యథాతథముగ నిలిచెను. న్యాయసమ్మతమైన అభిప్రాయప్రకటనము నణచుటకు ఈ యధికారమును వినియోగింపరాదని సుప్రీముకోర్టు 2020లోనే తీర్పు చెప్పియున్నది.

పుల్లరి నిరాకరించిన కన్నెగంటి హనుమంతును 1922లో మించాలపాడున కాల్చి చంపిన పరప్రభుత్వమునకు ప్రతి పౌరుడును అనుమానితుడే. స్వరాజ్యమున నట్టి దృష్టి చెల్లదు. ప్రతి నిషేధాజ్ఞకును కారణములు ప్రకటింపవలయును. నిందితుడు ఏ పక్షమువాడైనను సత్వరముగ విచారించి, నేరము ఋజువైనచో శిక్షింపవలయును. అపరాధిని విడిచి ఊరిని బంధించుట శాంతి యనిపించుకొనదు.